మోటుపల్లి స్తంభమును మన నూనెకుండయు

దేశదేశములకు నడుమ జరుగు వర్తకమునకు ధర్మశాస్త్ర మొకటి కలదనియు, తాను దానినే చదువ నెంచితిననియు మా వీథి బాలిక యొకతె యీ నడుమ మాతో జెప్పెను. ఆమె యవ్వ మాత్రము "శెనక్కాయలు పండించే ఇంటి పిల్లకు సముద్రాల అవతలి పంచాయితీ లెందుకమ్మా?" అని కసరుకొనెను. నిజమే, మా బుక్కరాయసముద్రమునకు సముద్రమను పేరు చెఱువువలన వచ్చినదే గాని, యీ మెట్టనేలవారు ఓడ మొగ మెఱుగుట యరుదు. వానలు తప్పిన యేట చెఱువున నీటి మొగమును జూడము.

మేము చదివినవి పాతగ్రంథములు. న్యాయవాదుల పుస్తకము లెఱుగము. అయినను సాయంకాలములు ఆమెతో గూర్చుండి మొదట కౌటిల్యుని అర్థశాస్త్రము తీసితిమి. అందు నావధ్యక్షుని ప్రకరణమున, గాలివానకు దెబ్బతిన్న యోడను తండ్రివలె నాదుకొనవలెననియు, నీట తడిసిన సరకునకు సుంకము మానుటయో సగము గొనుటయో చేయవలెననియు గలదు. పరదేశపు సరకునకు సామాన్యముగా వెలలో నైదవవంతు సుంకము.

పిమ్మట మన తెలుగునేలకే వచ్చితిమి. చీరాలకు దాపున, నేటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి యను గ్రామము కలదు. అది యొకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అచట నొక యభయశాసనమును స్తంభముపై జెక్కించెను. అంతకుమున్ను ఓడ పగిలి సరకు తీరమున బడినచో రాజులు దాని నెల్ల బలిమిని గైకొనుచుండిరి. ఆయన యా యాచారమును మాన్పి, ప్రాణములకు దెగించి కడలి దాటి వచ్చువారియొద్ద నియత సుంకము తప్ప మఱేమియు గొననని మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులకు ముప్పదింట నొక పాలు. చందనము, చీనాకర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, మిరియములు, పోకలు మొదలగువాని సుంకములు వేర్వేఱుగ జెక్కబడినవి.

పగిలిన యోడ సొమ్ము ఊరక చేత జిక్కు లాభము. దానిని విడిచిన రాజు తన చేతిని దానే కట్టుకొన్నట్లు. సుంక మింతయని మున్నే తెలిసినగదా పరదేశి ధైర్యముగ లంగరు వేయును! తరువాత నొక యర్ధశతాబ్దికి మార్కోపోలో యీ సీమ నేలిన రాణి వివేకమును, ఇచటి సన్నని వస్త్రములను మెచ్చి వ్రాసెను. 1358లో అనపోతరెడ్డియు అచటనే వర్తకులకు మరల నభయ మొసగెను.

బాలిక చదువబోవు శాస్త్రమునకును ఈ చేయి కట్టుకొనుటయే మూలము. 1948లో మొదలైన సుంకముల యొడంబడికలో మన దేశము తొలినుండియు నున్నది. 1995 జనవరి 1న జెనీవా కేంద్రముగ ప్రపంచ వాణిజ్య సంస్థ యేర్పడెను. ఫలాని సరకుపై నింతకు మించి సుంకము వేయమని అందలి రాజ్యములు పట్టికలు వ్రాసి యిచ్చినవి. మన రాజ్యము పామాయిలునకు నూటికి 300, సోయానూనెకు 45 హద్దులుగ బెట్టుకొన్నది.

గానుగనూనె వాడిన వంటయిండ్లలోనికి పామాయిలు డబ్బాలు వచ్చి చేరుట చదువరు లెఱుగనిది కాదు. 1994లో ప్రైవేటు వర్తకులు నూటికి 65 సుంకముతో దానిని దెప్పించుకొన ననుమతి గలిగెను. 1998 నాటి కా సుంకము 15కు దిగెను. పిమ్మట పలుమాఱులు హెచ్చి తగ్గినది. వానను నమ్మి విత్తిన మా జిల్లా వేరుసెనగకు మలేషియా, ఇండోనీషియా తోటల నూనెతో పోటీ! ఇది యంతయు జెనీవావారు పెట్టిన చిచ్చని యూరివా రనగా మేమును నమ్మితిమి. బాలిక పట్టిక విప్పి, "హద్దు 300, వేసినది 15. ఆ నడుమ నున్నదంతా మన ప్రభుత్వము చేతిలోనిదే గదా!" అనెను. పట్టిక చదువక తిట్టినందులకు మేము సిగ్గుపడితిమి.

అవ్వ యంతవఱకు వక్క కత్తిరించుచు వినుచుండెను. "ఆ కాగితం తెలుగులో ఉందా?" అని యడిగెను.

"లేదవ్వా, ఇంగ్లీషులో ఉంది."

మోటుపల్లి స్తంభముపై సంస్కృతముతోపాటు తెలుగును గలదని మేము చెప్పితిమి. అవ్వ యొక క్షణ మాలోచించి, "అయితే చదువుకో పో. మొదలు శెనక్కాయల మాట ఏముందో తెలుగులో రాసి నా చేతి కియ్యి" అనెను.