హెలికాప్టర్ చివర్లో కొనండి!

ఆర్‌సీ హెలికాప్టర్ ఎగరేయాలని ఉంది, జేబు చూస్తే అంతంతమాత్రం. అయితే ముందు హెలికాప్టర్ కొనకండి! ఈ సరదాలో అసలు ఖర్చు కొనడంలో కాదు, కూల్చడంలో ఉంటుంది. ఒక్కసారి పడితే బ్లేడ్లు, షాఫ్టు, గేర్లు అన్నీ పోవచ్చు.

నా వరస ఇదీ. మొదట కంప్యూటర్‌కి కలిపే వీలున్న రిమోట్ మాత్రమే కొన్నా. లాప్‌టాప్‌లో సిమ్యులేటర్ పెట్టుకుని రోజూ అరగంట సాధన. అందులో వందసార్లు కూలినా పైసా పోదు. ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఆ తికమక పోయాకే ఫిక్స్‌డ్ పిచ్ రకం బుల్లి హెలికాప్టర్ తీసుకున్నా. దాని బ్లేడ్ల కోణం మారదు కాబట్టి భాగాలు తక్కువ, రిపేరు తేలిక. పల్టీలు కొట్టే కలెక్టివ్ పిచ్ సంగతి తర్వాత.

విడి బ్లేడ్లు దొరికే మోడలే ఎంచుకోండి. వైర్లు, కనెక్టర్లు కావాలంటే హిందూపురంలో రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లి రావచ్చు.

ఇక గాలి. పెనుకొండ, ధర్మవరాలకు చేరువలోని రామగిరి కొండలమీద గాలిమరలు ఊరికే పెట్టలేదు! జూన్ నుంచి ఆగస్టు దాకా బుల్లి హెలికాప్టర్ బయట నిలవడం కష్టం. తెల్లవారుజామున, లేదంటే ఇంట్లోనే.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములలోపు వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా పుట్టపర్తిలో ఎయిర్‌పోర్టు ఉంది, డిజిటల్ స్కై మ్యాప్ చూశాకే ఎగరేయండి. పిల్లలు మూగితే మాత్రం వెంటనే దించేయండి. విరిగిన బ్లేడు మళ్లీ కొనుక్కోవచ్చు, కన్ను కొనలేం.