గొట్టం నున్నన, గురి గగనం

జార్జ్ హాంగర్ అనే బ్రిటిష్ కర్నల్ 1814లో వేటగాళ్ల కోసం ఒక పుస్తకం రాస్తూ, తమ సైనికుల చేతిలోని తుపాకి గురించి ఉన్నమాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. 80 గజాల దాకా ఫరవాలేదు, 150 దాటాక తగిలితే తగిలినవాడి ఖర్మ, 200 గజాలకైతే ఆశ వదులుకోవాల్సిందేనన్నది ఆయన లెక్క. అది చెకుముకి రాయితో పేలే తుపాకి. గొట్టం లోపల రైఫిల్‌కు ఉన్నట్టు మెలితిరిగిన గాడులు ఉండవు, అంతా నున్నగా ఉంటుంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి వద్ద ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు దళమూ, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి దళమూ తలపడినప్పుడు రెండు పక్షాల సిపాయిల భుజాలమీదా ఉన్నవి ఈ జాతి తుపాకులే. బారులు తీరి నిలబడి అందరూ ఒక్కసారే పేల్చడం ఆనాటి పద్ధతి. ఎవరి గుండు ఎవరికి తగిలిందో ఎవరికీ పట్టేది కాదు.

అదే తుపాకితో ఇవాళ కొందరు 50 మీటర్ల దూరాన, నిలబడి, కాగితం గురిపలక మీద పోటీ పడుతున్నారు. మూతి నుంచి కూరే తుపాకుల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో దానికి 'మికలే' పేరుతో విడిగా ఒక పోటీయే ఉంది. తుపాకి మారలేదు. ఒకప్పుడు నూటయాభై గజాల్లో మనిషికి తగలని గుండును ఇప్పుడు 50 మీటర్లలో అరచేతి మేర చోటుకు దగ్గరగా ఎలా పడేస్తున్నారు? చాలామంది మందు ఎక్కువ దట్టిస్తే సరిపోతుందనుకుంటారు. మందుది రెండో స్థానమే. మొదట కుదరాల్సింది గుండుకూ గొట్టానికీ మధ్య ఉన్న సందు.

'బ్రౌన్ బెస్' అని పిలిచే ఆనాటి ఇంగ్లీషు తుపాకి బోరు 19 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో వేసే సీసపు గుండు దాదాపు 17.5 మిల్లీమీటర్లు, బరువు 32 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మిల్లీమీటరున్నర సందు. ఇది తయారీలో దొర్లిన లోపం కాదు, కావాలని వదిలిందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన తుపాకి మందు కాలితే సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. కొంత పొగలో పోతుంది, కొంత మసిగా గొట్టానికి అంటుకుంటుంది. పది పదిహేనుసార్లు పేల్చాక లోపల మసి పేరుకుని, బిగుతైన గుండు దిగనే దిగదు. శత్రువు మీదికొస్తుంటే గొట్టం తుడుచుకుంటూ కూర్చోవడం కుదరదు కదా. అందుకే సైన్యం గురిని వదులుకుని వేగాన్ని ఎంచుకుంది.

ఆ సందు వల్ల గురి ఎందుకు చెడుతుందో ప్రయోగం చేసి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్. ఆయన ఇంగ్లండులోని బాత్ పట్టణంలో 1707లో పుట్టాడు. 1742లో తుపాకి శాస్త్రం మీద ఆయన అచ్చువేసిన పుస్తకాన్ని మూడేళ్లకే ఆయిలర్ అంతటి గణితవేత్త స్వయంగా జర్మన్‌లోకి తెచ్చాడు. గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ, చివరికి ఏ గోడను రాసుకుంటే ఆ వైపుకు దొర్లుతూ బయటికి వస్తుందని రాబిన్స్ అనుమానించాడు. దాన్ని తేల్చడానికి ఒక తుపాకి గొట్టం కొసను కాస్త ఎడమకు వంచాడు. వంపులో గుండు కుడి గోడనే ఒరుసుకుంటుంది కాబట్టి ఏ వైపుకు తిరుగుతుందో ముందే తెలుస్తుంది. దారిలో పలచని కాగితపు తెరలు వరసగా నిలిపి పేల్చాడు. గొట్టం ఎడమకు చూస్తోంది కనుక గుండు మొదట ఎడమకే వెళ్లింది. ఆ తర్వాత తెరల మీది చిల్లులు ఒక్కొక్కటే కుడివైపుకు జరుగుతూ వచ్చాయి. గాలిలోనే అది దారి మళ్లిందన్నమాట.

స్పిన్ బౌలర్ వేసిన బంతి గాలిలో పక్కకు జరగడానికీ కారణం ఇదే. తిరిగే బంతి చుట్టూ గాలి రెండువైపులా సమానంగా సాగదు. 1852లో ఈ విషయాన్ని పరిశీలించిన జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరే దానికి స్థిరపడిపోయింది. శతాబ్దం ముందే కాగితపు తెరలతో నిరూపించిన రాబిన్స్ పేరు వెనక్కి పోయింది. ఈ రాబిన్స్‌నే ఈస్టిండియా కంపెనీ తన ఇంజనీర్ జనరల్‌గా నియమించింది. కోటలు బాగుచేయడానికి 1750లో మన తూర్పు తీరానికి వచ్చి, మరుసటి ఏడే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు.

ఆయన చెప్పినదాన్ని బట్టి చూస్తే, గుండు గొట్టంలో ఇష్టమొచ్చినట్టు తగలకుండా చేయగలిగితే దాని తిరుగుడు తగ్గుతుంది. అందుకు రెండు దారులున్నాయి. ఒకటి, గుండు పరిమాణం పెంచి దాన్ని నూనె పట్టించిన గుడ్డ పేలికలో చుట్టి దించడం. 19.05 మిల్లీమీటర్ల బోరులో 18.2 మిల్లీమీటర్ల గుండు వేస్తే మిగిలే తేడా 0.85. అంటే పక్కకు 0.4 పైచిలుకు. దాదాపు అంత మందం ఉన్న, గట్టి నేత నూలుగుడ్డ చుట్టితే గుండు సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుంది. తలగడ సంచీలకు వాడే బిగువైన నేత గుడ్డకు ఈ పనిలో మంచి పేరుంది. దానికి తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి పట్టిస్తారు. రెండో దారి, మందు మీద మందపాటి ఫెల్ట్ బిళ్ల వేసి, దానిమీద గుండు, పైన అట్టబిళ్ల పెట్టడం. ఇది చకచకా అయిపోతుంది కానీ, గుండు మధ్యలో కూర్చోవడం కొంత అదృష్టం మీద ఆధారపడుతుంది.

ఇక మందు. దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు, ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. ఇంత పెద్ద బోరుకు 60, 70 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి, తుపాకి తయారుచేసినవాళ్లు చెప్పిన గరిష్ఠ పరిమితి లోపలే ఐదేసి చొప్పున పెంచుకుంటూ పోవడం వాడుక. ఒక్కో కొలతకు ఐదు గుండ్లు, 25 గజాల దూరాన, తుపాకిని సంచీ మీద ఆన్చి పేల్చాలి. ఏదో ఒక కొలత దగ్గర చిల్లులు దగ్గరపడతాయి, అది దాటాక మళ్లీ చెదురుతాయి. ఆ కొలత ఏదన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు తుపాకులకే అది వేరుగా ఉంటుంది. ఫలానా తుపాకికి ఫలానా లెక్క అని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మకండి. మూడు గుండ్లు ఒకదాని పక్కన ఒకటి పడగానే సంబరపడిపోవడం కూడా ఈ విద్యలో మామూలు జబ్బే. మూడు గుండ్లు కాకతాళీయంగానూ పడతాయి. మరో రోజు, మరో ఐదు గుండ్లతో అదే ఫలితం వస్తేనే లెక్క. మందు, గుండు, గుడ్డ, నూనె వీటిలో ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్చితే దేనివల్ల బాగుపడిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

గురిపలక కంటే ఎక్కువ సంగతులు చెప్పేది నేలమీద పడిన గుడ్డ పేలిక. తుపాకి పేలాక గుండు వెళ్లిపోతుంది, పేలిక కొన్ని గజాల ముందు రాలిపడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు గురి చూడటానికి ముందే వెళ్లి దాన్ని ఏరుకుంటారు. మధ్యలో గుండు ఆకారపు మసి మరక, చుట్టూ ముడతలు ఉండి గుడ్డ చెక్కుచెదరకుండా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. నడుమ కాలి చిల్లు పడితే మంట గుండును దాటి ముందుకు పోతున్నట్టు. గుడ్డ పలచనైనా అయ్యుండాలి, నూనె అయినా చాలకపోయి ఉండాలి. గుండ్రంగా కోసుకుపోతే గొట్టం మూతి అంచు పదునుగా ఉందని అర్థం. పీలికలైపోతే బిగువు మరీ ఎక్కువైనట్టే. పేలిక బాగు చేసుకోకుండా మందు కొలతలు మార్చుకుంటూ పోయేవాడు వృథాగా సీసం ఖర్చు పెడుతున్నాడు.

ప్రతిసారీ గొట్టాన్ని తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవాలి. ఆనాటి సిపాయికి లేని తీరిక ఇదే. అలా తుడిస్తేనే మొదటి గుండుకూ పదో గుండుకూ గొట్టం ఒకేలా ఉంటుంది.

అన్నీ కుదిరాక మిగిలేది మనిషి సంగతి. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది, నిప్పురవ్వలు గొట్టం పక్కనున్న దొప్పలో పడతాయి, అక్కడి రంజకం అంటుకుంటుంది, ఆ మంట సన్నని బెజ్జం గుండా లోపలి మందుకు చేరుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగినా, ముఖం ముందు భగ్గుమనే మంటకు ఉలిక్కిపడటానికి ఆ రెప్పపాటు చాలు. రాయి అంచు మొండిబారితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. పైగా ఈ తుపాకికి వెనకవైపు గురికాయ ఉండదు, ముందు బాయినెట్ తగిలించే చిన్న బొడిపెతోనే గురి చూసుకోవాలి. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే కన్ను పైకో కిందికో జరుగుతుంది, గుండు కూడా అలాగే జరుగుతుంది.

ప్రాణానికి సంబంధించిన సంగతులు రెండున్నాయి. ఈ తుపాకుల్లో వాడాల్సింది పాతకాలపు నల్లటి మందు ఒక్కటే. నేటి తూటాల్లోని పొగరాని మందు పోస్తే గొట్టం చేతిలోనే పేలిపోవచ్చు. రెండోది, గుండు మందును ఆనుకుని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలినా ప్రమాదమే. అందుకే కూరే కడ్డీ మీద గుండు పూర్తిగా దిగినప్పటి మేరకు ఒక గీత గీసుకుని, ప్రతిసారీ గీత మూతి దగ్గరికి వచ్చిందో లేదో చూసుకుంటారు.

మన ఊళ్లలో పాత ఇళ్ల అటకలమీద తాతలనాటి తుపాకులు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంటాయి. లైసెన్సు లేకుండా వాటిని వాడటం ఆయుధ చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది, మూతి నుంచి కూరే తుపాకిని చూసి లోపల మందూ గుండూ ఉన్నాయో లేదో చెప్పలేం. ఏళ్ల కిందట ఎవరో కూరి మరిచిపోయిన మందు, గొట్టం పొడిగా ఉంటే, ఇప్పటికీ అంటుకుంటుంది. అలాంటిది కంటపడితే మీట నొక్కి చూడకండి, మూతిలోకి తొంగిచూడకండి, పిల్లలను దూరంగా పంపి దగ్గరలోని పోలీసు స్టేషనుకు చెప్పండి.