మామయ్యను దొంగను చేసిన మాట

పిల్లలూ! సెలవులకు మీ ఇంటికి వచ్చిన మామయ్య, రైలుకు వేళ అయిందని గబగబా బయలుదేరాడనుకొందాం. వాన పడుతున్నదని మీ అమ్మ అతనికి గొడుగు ఇచ్చింది. ఈ సంగతి మీరు ఇంగ్లీషులో వ్రాయాలి. హఠాత్తుగా వెళ్ళిపోవడాన్ని “మేక్ ఆఫ్” అంటారని ఎక్కడో చదివారు. వెంటనే “అంకుల్ మేడ్ ఆఫ్ విత్ ది అంబ్రెల్లా” అని వ్రాసేశారు. చదివినవారు ఏమనుకొంటారో తెలుసా? మీ మామయ్య గొడుగు కాజేసి ఉడాయించాడని!

“మేక్” అంటే చేయడం. “ఆఫ్” అంటే ఇక్కడ దూరంగా అని. ఈ రెంటిలో ఎక్కడా దొంగతనం లేదు గదా! కాని రెండూ జతకూడేసరికి కొత్త అర్థం పుట్టింది. ఇటువంటి జంటలను ఇంగ్లీషులో “ఫ్రేజల్ వెర్బ్స్” అంటారు. “మేక్ ఆఫ్” అంటే తప్పించుకొనేవాడిలాగా పరుగున వెళ్ళిపోవడం. దాని వెనుక “విత్” చేరితే, ఏదో ఎత్తుకుపోవడమే.

ఇది వింతగా తోస్తే మన తెలుగే చూడండి. “పో” అంటే వెళ్ళడం. కాని “పాలు విరిగిపోయాయి” అంటే పాలు ఎక్కడికీ వెళ్ళలేదు, గిన్నెలోనే ఉన్నాయి! జరిగింది జరిగిపోయింది, ఇక మునుపటిలా కాదని అక్కడ “పో” చెబుతున్నది. అలాగే “వెళ్ళాడు”, “జారుకున్నాడు”, “ఉడాయించాడు” అనే మాటలు మూడూ వెళ్ళడాన్నే చెబుతాయి. అయినా మొదటిదానిలో నింద లేదు. రెండవదానిలో అనుమానం ఉన్నది. మూడవదానిలో నేరమే ఉన్నది.

మరి మామయ్య సంగతి ఎలా వ్రాయాలి? “అంకుల్ లెఫ్ట్ ఇన్ ఎ హర్రీ” అంటే చాలు. “రష్డ్ ఆఫ్” అన్నా తప్పులేదు. అందులో తొందరే గాని దొంగతనం లేదు.

ఇంకొక జాగ్రత్త. ఈ “ఆఫ్”లో “ఎఫ్” అక్షరం రెండుసార్లు వస్తుంది. ఒకే “ఎఫ్” వ్రాస్తే అది “ఆవ్” అవుతుంది. “మేడ్ ఆవ్ వుడ్” అంటే కర్రతో చేసినది. ఒక్క అక్షరం తగ్గితే దొంగ కాస్తా బల్ల అయిపోతాడు!

కొత్తమాట దొరికినప్పుడు దాని అర్థంతోపాటు, దానిని ఎవరి విషయంలో వాడతారో కూడా నిఘంటువులోని ఉదాహరణలలో చూడండి.

ఇప్పుడు ఈ వాక్యాన్ని తెలుగులో చెప్పండి: “ఎ మంకీ మేడ్ ఆఫ్ విత్ మై బనానా.” కోతి “వెళ్ళింది” అంటారా, మరేమైనా అంటారా?