రంగురాళ్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? మెరుపు కన్నా ముందు పత్రం చూడాలి

బంగారం కొనేవారికి ఒక భరోసా ఉంది. ఆభరణంపై బీఐఎస్ హాల్‌మార్క్, దానితోపాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ ఉంటాయి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే వివరాలు కనిపిస్తాయి. కానీ అదే ఉంగరంలో పొదిగిన కెంపుకో, నీలానికో అటువంటి ముద్ర ఏదీ లేదు. హాల్‌మార్క్ పూచీ లోహం స్వచ్ఛత వరకే. రాయి సంగతి దాని పరిధిలోకి రాదు. ఈ తేడా తెలియక, ‘హాల్‌మార్క్ ఉంది కాబట్టి రాయి కూడా అసలైనదే’ అని భావించేవారు తక్కువేమీ కాదు.

రంగురాళ్ల వ్యాపారం ఒకప్పుడు జైపూర్ జోహరీ బజార్ వంటి వీధులకు, తెలిసిన నగల దుకాణాలకు పరిమితమై ఉండేది. ఇప్పుడది ఫోన్ తెరపైకి వచ్చింది. ఈ-కామర్స్ వేదికల్లోనూ, సామాజిక మాధ్యమాల ప్రత్యక్ష వేలాల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ రాళ్లు అమ్ముడవుతున్నాయి. కొనేవారిలో నగలపై మక్కువ ఉన్నవారు కొందరైతే, జాతకం చూపించుకుని ఫలానా రాయి ధరించాలని సలహా పొందినవారు మరికొందరు. నమ్మకం వ్యక్తిగతం. అయితే ఏ నమ్మకంతో కొన్నా, చెల్లించిన సొమ్ముకు చెప్పిన రాయే చేతికి రావాలి. అందుకు తొలిసారి కొనేవారికి కొన్ని ప్రాథమిక విషయాలు తెలిసి ఉండాలి.

పేరులోనే తొలి చిక్కు

రత్నాల తెలుగు పేర్లు సుపరిచితమైనవే కానీ, ఒక్కో పేరు కింద ఒకటికి మించిన రాళ్లు చలామణీ అవుతుంటాయి. కనకపుష్యరాగం అంటే పసుపు నీలమణి, అంటే ఎల్లో సఫైర్. దాని ఖనిజం కోరండం. పుష్యరాగం అని మాత్రమే రాసి ఉంటే అది టోపాజ్ కావచ్చు. ‘గోల్డెన్ టోపాజ్’ అని రాసి ఉంటే చాలా సందర్భాల్లో అది సిట్రిన్ అనే పసుపు స్ఫటికం. మూడూ చూపుకు పసుపే; ధరల్లో మాత్రం ఎంతో అంతరం. వైడూర్యం విషయంలోనూ ఇంతే. క్రైసోబెరిల్ జాతి పిల్లికన్ను రాయి ఖరీదైనది. క్వార్ట్జ్ పిల్లికన్ను చవకైనది. ‘క్యాట్స్ ఐ’ అన్న మాట రెంటికీ వర్తిస్తుంది.

రంగును బట్టి పేరు పెట్టడం రాజులనూ తికమకపెట్టింది. బ్రిటన్ రాజకిరీటంలో ఉన్న ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ నిజానికి కెంపు కాదు, స్పినెల్ అనే వేరే ఖనిజం. అందుచేత అమ్మకందారును మొదట అడగవలసింది రాయి వ్యాపారనామం కాదు, ఖనిజనామం. కెంపు, నీలం, కనకపుష్యరాగం మూడూ కోరండం, పచ్చ బెరిల్, గోమేధికం హెస్సోనైట్ గార్నెట్. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం సందిగ్ధత తొలగిపోతుంది.

సహజం, కృత్రిమం, నకిలీ

ఈ మూడు మాటలకూ రత్నశాస్త్రంలో వేర్వేరు అర్థాలున్నాయి. భూగర్భంలో ఏర్పడినది సహజం. ప్రయోగశాలలో తయారై, సహజ రత్నానికి ఉన్న రసాయన నిర్మాణమే కలిగినది కృత్రిమం. రంగులో పోలిక తప్ప నిర్మాణంలో సంబంధం లేనిది నకిలీ; ఎర్ర గాజును కెంపుగా అమ్మడం దీనికి ఉదాహరణ.

కృత్రిమ కెంపు కొత్తది కాదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అగస్ట్ వెర్నుయ్ జ్వాలపై పొడిని కరిగించి కెంపును పెంచే పద్ధతిని 1902లో వెల్లడించారు. కాబట్టి పాత నగల్లోని ఎర్రరాళ్లలోనూ ఇటువంటివి కనబడడం అరుదేమీ కాదు. కృత్రిమ రాయిని కృత్రిమమని చెప్పి తగిన ధరకు అమ్మితే తప్పు లేదు. సహజమని చెప్పి అమ్మితేనే మోసం.

ప్రకటనల్లో కొన్ని పదాలు కనిపిస్తే ఆగి చదవాలి. ‘ల్యాబ్ గ్రోన్’, ‘క్రియేటెడ్’, ‘సింథటిక్’ అంటే కృత్రిమం. ‘సిమ్యులేటెడ్’ అంటే పోలిక మాత్రమే. ‘డబ్లెట్’ అంటే రెండు ముక్కలను అతికించినది. ‘హైడ్రో క్వార్ట్జ్’ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం రంగు గాజే. ఈ పదాలు తరచూ వివరణలో చివరన, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఇంట్లో చేసే పరీక్షలు ఇక్కడ అక్కరకు రావు. రాయిని పాలలో వేస్తే పాలకు రంగు వస్తే అసలైనదని చెప్పే మాట మన ప్రాంతాల్లో వాడుకలో ఉంది. కృత్రిమ కెంపు, సహజ కెంపు ఒకే పదార్థం కనుక అటువంటి పరీక్ష రెంటినీ వేరుచేయలేదు. గీతపడదు కాబట్టి నిజమైనదనే వాదనకూ ఇదే జవాబు: రెంటి కాఠిన్యమూ మోస్ కొలమానంలో 9. సూక్ష్మదర్శినిలో కనిపించే అంతర్గత గుర్తులు, పరికరాలతో చేసే విశ్లేషణ మాత్రమే తేడాను పట్టిస్తాయి.

ట్రీట్‌మెంట్: దాచకూడని సమాచారం

సహజమైన రాయి అన్నంత మాత్రాన తవ్వినప్పటి స్థితిలోనే ఉందని కాదు. మార్కెట్‌లోకి వచ్చే కెంపులు, నీలాల్లో అధిక భాగాన్ని రంగు, స్పష్టత పెంచేందుకు వేడిచేస్తారు. ఇది శాశ్వతమైనది, వ్యాపారం ఆమోదించినది. అయితే వేడి తగలని రాయికి అధిక ధర పలుకుతుంది కనుక ఆ విషయం చెప్పి తీరాలి. పచ్చల్లో సహజంగా ఉండే పగుళ్లను నూనెతోనో రెజిన్‌తోనో నింపుతారు. ఎంత మేరకు నింపారన్నదాన్ని బట్టి విలువ మారుతుంది. నీలి టోపాజ్‌లో దాదాపు అంతా రంగులేని రాయికి వికిరణం, వేడి ఇచ్చి తయారుచేసినదే.

జాగ్రత్త వహించవలసినది సీసపు గాజు నింపిన కెంపుల విషయంలో. 2004 ప్రాంతం నుంచి ఇవి మార్కెట్‌ను ముంచెత్తాయి. పగుళ్లు నిండిన నాసిరకం కోరండంలోకి సీసం కలిసిన గాజును పంపి ఎర్రగా, పారదర్శకంగా కనిపించేలా చేస్తారు. వీటిని మామూలు కెంపులుగా పరిగణించకుండా కెంపు, గాజు కలిసిన మిశ్రమంగా పరీక్షశాలలు పేర్కొంటాయి. ఉంగరం మరమ్మతు సమయంలో కంసాలి మంట తగిలినా, నిమ్మరసం వంటి ఆమ్లం పడినా లోపలి గాజు దెబ్బతిని రాయి తెల్లని గీతలతో బయటపడుతుంది. ‘నాలుగు క్యారెట్ల సహజ కెంపు కొన్ని వందల రూపాయలకే’ అన్న ప్రకటన వెనుక ఉండేది చాలావరకు ఇదే.

బరువు, కొలత, ధర

రత్నాల అంతర్జాతీయ ప్రమాణం క్యారెట్. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. మన దేశంలో రత్తి లెక్క ఇంకా వాడుకలో ఉంది. రత్తి అంటే గురివింద గింజ. చిక్కేమిటంటే రత్తి ఒకటి కాదు. రాళ్ల వ్యాపారంలో దాన్ని సుమారు 0.91 క్యారెట్‌గా లెక్కిస్తారు. కంసాలుల రత్తి సుమారు 121.5 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 0.61 క్యారెట్. ఐదు రత్తుల రాయి మొదటి లెక్కలో 4.55 క్యారెట్లు, రెండో లెక్కలో సుమారు 3.04 క్యారెట్లు. క్యారెట్ ధర 10,000 రూపాయలనుకుంటే తేడా 15,000 రూపాయలు దాటుతుంది. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. కొనేవారు మాత్రం ఆ నలుపును చూడాలి. బిల్లులో బరువు క్యారెట్లలో ఉండాలని పట్టుబట్టాలి.

బరువొక్కటే చాలదు, మిల్లీమీటర్లలో కొలతలూ అడగాలి. కోరండం సాంద్రత సుమారు 4. బెరిల్‌ది సుమారు 2.7. అందువల్ల ఒకే బరువున్న పచ్చ కన్నా కెంపు చిన్నదిగా కనిపిస్తుంది. లోతుగా కోసిన రాయి బరువు తూగుతుంది కానీ పైనుంచి చిన్నదిగా ఉంటుంది; బరువుకు చెల్లించిన ధరలో కొంత కంటికి కనిపించని అడుగుభాగానికే పోతుంది.

ధర బరువుతో సమానంగా పెరగదు. నాణ్యత ఒకటే అయినా రెండు క్యారెట్ల కెంపు సాధారణంగా ఒక క్యారెట్ కెంపుకు రెట్టింపు కన్నా ఎక్కువే పలుకుతుంది, ఎందుకంటే పెద్ద రాళ్లు అరుదు. మరో మాట: వజ్రాలకు ఉన్నట్టు రంగురాళ్లకు అందరూ అంగీకరించిన గ్రేడింగ్ విధానం లేదు. ‘ఏఏఏ’ అన్న గుర్తు ఆ అమ్మకందారు సొంత కొలమానమే. ఒకరి ‘ఏఏఏ’ మరొకరి ‘ఏ’ కావచ్చు.

ఫొటో చెప్పనిది

రంగురాయి విలువలో సింహభాగం రంగుదే. ఆన్‌లైన్‌లో అతి తేలికగా మార్చగలిగినదీ రంగే. తెల్లని బలమైన దీపం కింద తీసిన ముదురు నీలం ఇంట్లో నల్లగా కనిపించవచ్చు. వెలుతురును బట్టి రంగు మారడమే కొన్ని రాళ్ల ప్రత్యేకత. ఆంధ్రప్రదేశ్‌లోని నర్సీపట్నం ప్రాంతంలో దొరికే అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో ఆకుపచ్చగా, పాతకాలపు బల్బు వెలుగులో ఎరుపు ఛాయలో కనిపిస్తుంది. కాబట్టి ఏ రాయినైనా రెండు వెలుతురుల్లో చూడాలి.

అమ్మకందారును మూడు అడగవచ్చు: కిటికీ పక్క పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా తీసిన వీడియో, వేళ్ల మధ్య పట్టుకుని అన్ని వైపులకూ తిప్పిన దృశ్యం, కొలిచే పరికరంపై బరువు, పరిమాణం కనిపించే ఫొటో. రాయి నడుమ గాజు పలకలా వెనక ఉన్నది కనబడుతుంటే కోత సరిగా లేదని అర్థం. ‘ఫొటో నమూనా మాత్రమే’ అని రాసి ఉంటే కొనకపోవడమే మేలు. ఏ రెండు రంగురాళ్లూ ఒకేలా ఉండవు.

పరీక్షశాల నివేదికను చదవడం

మన దేశంలో రత్నాల పరీక్షకు దీర్ఘకాల అనుభవమున్న సంస్థలున్నాయి. రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి జైపూర్‌లో 1972లో స్థాపించిన జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ వాటిలో ముఖ్యమైనది. జీఐఏ, ఐజీఐ వంటి అంతర్జాతీయ సంస్థల సేవలూ ఇక్కడ అందుబాటులో ఉన్నాయి.

నివేదికలో చూడవలసినవి నాలుగు: ఖనిజం పేరు, సహజమా కృత్రిమమా అన్న నిర్ధారణ, ట్రీట్‌మెంట్ వివరం, బరువు-కొలతలు. నివేదిక సంఖ్యను పరీక్షశాల సొంత వెబ్‌సైట్‌లో స్వయంగా టైప్ చేసి సరిచూసుకోవాలి; అమ్మకందారు పంపిన లింకు నొక్కి కాదు. ఒక రాయి నివేదికను మరో రాయికి జతచేసే మోసం ఉంది కనుక, వెబ్‌సైట్‌లోని బరువు, కొలతలు, ఫొటో చేతిలోని రాయితో సరిపోవాలి. బర్మా, శ్రీలంక, కొలంబియా అంటూ పేర్కొనే పుట్టుచోటు నిపుణుల అభిప్రాయం మాత్రమే. ధరను ప్రధానంగా చూపే ‘సర్టిఫికెట్’ల పట్ల అప్రమత్తత అవసరం, గుర్తింపు నివేదిక రాయి ఏమిటో చెబుతుంది, ఎంతకు కొనాలో చెప్పదు.

చేతికి వచ్చాక ఏ క్రమంలో?

క్రమం తప్పితే హక్కు చేజారుతుంది. పార్సిల్ విప్పే దృశ్యాన్ని ఆపకుండా వీడియో తీయాలి. బరువు, కొలతలు సరిచూడాలి. ఖరీదైన రాయి అయితే వాపసు గడువు ముగియకముందే స్వతంత్ర పరీక్షశాలలో చూపించాలి. ఆ తర్వాతే ఉంగరంలో పొదిగించాలి. పొదిగిన రాయిని పరీక్షించడం కష్టం, తిప్పి పంపడం మరీ కష్టం. ‘మీ పేరున అభిమంత్రించి పంపుతాం, అందుకే వాపసు ఉండదు’ అనే వారితో, పరీక్ష తర్వాతే ఆ కార్యక్రమం జరిపించుకుంటామని ముందే చెప్పవచ్చు.

వేదిక బయట, వ్యక్తిగత యూపీఐ ఖాతాకు సొమ్ము పంపమనేవారికి దూరంగా ఉండాలి. విదేశీ అమ్మకందారు వద్ద కొంటే కస్టమ్స్ సుంకం, పన్నులు అదనంగా పడతాయి. వాపసు పంపడం మరింత చిక్కైన పని.

చట్టం ఏమంటోంది?

2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదిక అమ్మకందారు వివరాలు చూపాలి, ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. వస్తువు నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేనిదైనా వాపసు తీసుకునేందుకు అమ్మకందారు నిరాకరించరాదు. ‘నో రిటర్న్’ అన్న మాట ఈ బాధ్యతను తుడిచివేయదు.

అందుకే బిల్లులో రాయి ఖనిజనామం, సహజమన్న ప్రకటన, ట్రీట్‌మెంట్, క్యారెట్ల బరువు ఉండాలి. సంభాషణలు, ప్రకటన స్క్రీన్‌షాట్లు భద్రపరచాలి. సమస్య తలెత్తితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆన్‌లైన్ ఆర్థిక మోసమైతే 1930కి వెంటనే తెలపాలి. పరిష్కారం కాకపోతే కొనుగోలుదారు తాను నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. అమ్మకందారు ఉన్న ఊరికి వెళ్లనక్కరలేదు. ఫిర్యాదుకు గడువు సాధారణంగా రెండేళ్లు.

చిన్న రాయితో మొదలు

తొలి కొనుగోలు కెంపుతోనో, పచ్చతోనో మొదలుకావాలన్న నియమం లేదు. గార్నెట్, పెరిడాట్ వంటివి అందుబాటు ధరల్లో లభిస్తాయి, సాధారణంగా ట్రీట్‌మెంట్ లేకుండానే మార్కెట్‌కు వస్తాయి. గార్నెట్ తెలుగు నేలకు కొత్తదీ కాదు. పుదుచ్చేరి సమీపాన ఉన్న ప్రాచీన రేవు పట్టణం అరికమేడులో దొరికిన గార్నెట్లకు మూలం తెలంగాణలోని గరీబ్‌పేట నిక్షేపమని పరిశోధకులు గుర్తించారు. తక్కువ ఖరీదు రాయితో నివేదిక చదవడం, రంగు పోల్చడం, అమ్మకందారు మాట తీరు పసిగట్టడం అలవడితే, పెద్ద మొత్తం వెచ్చించే రోజున ఆ అనుభవం తోడుంటుంది. ‘ఇంకో పది నిమిషాలే ఈ ధర’ అని తొందరపెట్టే వేలంలో కొనవలసిన అగత్యం ఎవరికీ లేదు. ఆగి అడిగిన ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబివ్వని అమ్మకందారు, అప్పటికే జవాబిచ్చినట్టే.