కరిచే ముందే చెబుతుంది కైక్ చిలుక

చిలుక అనగానే నేర్పిన నాలుగు మాటలు పలికే పక్షే మన కళ్ల ముందు మెదులుతుంది. కైక్ చిలుకకు మాటలు అంతగా రావు. ఆటల్లో మాత్రం దానికి సాటి దొరకడం కష్టం. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులు దీని పుట్టిల్లు. జానెడు పొడవు, సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకదాని తల నలుపు, మరొకదానిది నారింజ రంగు. రెండింటికీ పొట్ట తెలుపే.

మా ఇంట్లో ఒక జంట ఉంది. ఈ పక్షి ఒళ్లంతా మాట్లాడుతుందని వాటితో ఉంటూ మేము తెలుసుకున్నాం. రెండు కాళ్లూ కలిపి గెంతుతుంటే హుషారుగా ఉన్నట్టు. వెల్లకిలా పడుకొని కాళ్లతో బొమ్మను తిప్పుతుంటే భయం లేనట్టు. తడి తువ్వాలు కనబడితే ఛాతీ ఆనించి రుద్దుకుంటూ జారుతుంది. అడవిలో తడి ఆకుల మధ్య దొర్లి స్నానం చేసే జాతి కదా!

కంటిపాప గబగబా చిన్నదీ పెద్దదీ అవుతూ, మెడ మీది ఈకలు నిక్కబొడుచుకొని, ఒళ్లు బిగదీసుకొని నడుస్తుంటే ఉద్రేకం హద్దు దాటుతోందని అర్థం. అప్పుడు చెయ్యి పెడితే కరుస్తుంది. 'ఊరికే కరిచింది' అనుకొని కొందరు దాన్ని పంజరానికే పరిమితం చేస్తారు, లేదా ఎవరికో ఇచ్చేస్తారు. అది ముందే చెప్పిన సంగతి ఎవరూ గమనించరు.

కరిచినప్పుడు అరిస్తే దానికి అదీ ఆటే అనిపించవచ్చు. కొడితే ఆ చేతిని చూసి బెదురుతుంది. మేము చెయ్యి విదిలించం. మెల్లగా కొమ్మ మీద దించి, కాసేపు పక్కకు తప్పుకుంటాం. శాంతించాక వేలు చూపి ఎక్కమంటాం. ఎక్కితే ఒక పొద్దుతిరుగుడు గింజ బహుమానం.

పిల్లలు చిలుక కావాలని అడిగితే ముందుగా మూడు సంగతులు ఆలోచించండి. ఇది పాతికేళ్లకు పైగా బతకగలదు. నాలుగో తరగతిలో తెచ్చుకున్న పక్షి మీ అబ్బాయి పెళ్లినాటికీ ఇంట్లోనే ఉండవచ్చు. రెండోది, వంటిల్లు. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ పక్షి ప్రాణం తీస్తుంది. చాక్లెట్, అవకాడో దానికి విషం. మూడోది, చట్టం. మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కైక్ వంటి విదేశీ పక్షి వివరాలను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఇప్పటికే ఇంట్లో పక్షి ఉంటే, దాన్ని ముఖం దగ్గరికి తేవద్దని పిల్లలకు చెప్పండి. వారం రోజులు ఒక నోటు పుస్తకంలో రాయించండి: కరవడానికి ముందు కళ్లు ఎలా ఉన్నాయి, దగ్గర ఎవరున్నారు, అప్పుడు వేళ ఎంత? వారం తిరిగేసరికి చెయ్యి ఎప్పుడు చాపాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో వాళ్లే మీకు చెబుతారు.