గిజిగాడూ ఊరపిచ్చుకా

తెనాలి–రేపల్లె రైలుమార్గంలోని వేమూరు ప్రాంతం వరి పండే సీమ. కాలువల వెంట పొలాలూ, గట్ల మీద తాటిచెట్లూ ఉన్నచోట గింజలు తినే పిట్టలు చేరడం వింత కాదు. వాటిలో జనానికి చిరపరిచితమైనవి ఊరపిచ్చుక, గిజిగాడు. ఆడపిట్టలను చూచి ఏది ఏదో పోల్చుకోవడం కష్టమే. తొలకరికి మగ గిజిగాని తల పసుపువన్నె దాల్చిన తరువాత మాత్రం పొరపాటుకు తావుండదు. పక్షిశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ గానపక్షులలోనే చేర్చారు. మన కవుల కోకిలకు మాత్రం ఆ పంక్తిలో చోటు దొరకలేదు!

జాషువ కవి గిజిగానిపై పద్యాలు చెప్పినాడు. ఆ అల్లిక అటువంటిది. వరి ఆకులను, తాటి ఆకులను సన్నని పోగులుగా చీల్చి, మగపక్షి నీటి మీదికి వంగిన కొమ్మకో, తాటిమట్టకో వ్రేలాడే గూడు మొదలుపెడుతుంది. సగం అయ్యేసరికి ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే గొట్టంవంటి ద్వారం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అసంపూర్తిగానే మిగిలిపోతుంది. ఆమె గ్రుడ్లు పొదుగుతుండగా ఆ మహాశిల్పి వేరొక గూటికి, వేరొక ఇల్లాలికి ప్రయత్నం సాగిస్తాడు. ఈ సంసార రహస్యాన్ని లోకానికి విశదంగా తెలిపినవాడు సలీం ఆలీ.

పిచ్చుకకు అంత నేర్పు లేదు. పెంకుల సందున, దూలం మీద, గోడకున్న పటం వెనుక నాలుగు గడ్డిపరకలు చేర్చితే అదే కాపురం. మనిషి ఇల్లే దానికి చెట్టు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం రెండింటినీ ప్రమాదం లేని జాతుల్లోనే లెక్కించింది. మన దేశంలో 2020లో వెలువడిన పక్షుల స్థితి నివేదిక కూడా పిచ్చుక పాతికేళ్ళుగా మొత్తం మీద నిలకడగానే ఉన్నదని, హైదరాబాదు వంటి మహానగరాలలో మాత్రం తగ్గినదని చెప్పినది. బ్రిటనులో 2002లోనే అది ఎర్ర జాబితాకెక్కినది. దేశమంతటికీ వేసిన లెక్కలో ఒక వీధి లోటు కనిపించదు. పిచ్చుక లేదని ఇంటివారు అంటే దానిని వట్టి భ్రమ అని త్రోసివేయరాదు.

కోత కాలంలో వరికంకుల కుచ్చులను చూరులకు, దేవాలయ మండపాలకు వ్రేలాడదీయడం మన పల్లెల్లో పాత ఆచారం. కుచ్చు నేటికీ కట్టవచ్చును గాని డాబా ఇంటికి చూరేదీ? గింజ ఉన్నా పిల్లలకు పురుగు కావాలి. రెండు జాతులూ తమ కూనలకు పురుగులనే పెడతాయి. చేలపై చల్లే మందు ఆ మేతనే హరిస్తున్నది.

పిచ్చుకల కోసం కొందరు చెక్కపెట్టెలు, చిల్లుపెట్టిన కుండలు గోడలకు తగిలిస్తున్నారు. అవి వాటిలో కాపురం పెడుతున్నాయి కూడా. గిజిగాడు అటువంటి పెట్టెను ముట్టడు. వానికి కాలువగట్టున నిలిచిన తాటిచెట్టే కావాలి.