రాజ్యాంగం వెనక కథ చెప్పిన మామిడిపూడి వారు

రాజ్యాంగం అనే మాట వినగానే మనలో చాలామందిమి ‘అదంతా లాయర్లదీ లీడర్లదీ గొడవ, మన వంటింటికేం సంబంధం’ అనేసుకుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించి చూడండి. వీధి కుళాయిలో నాలుగు రోజులు నీళ్ళు రాకపోతే ఎవర్ని అడగాలి? మన పంచాయతీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మన చేతికి ఓటు ఎట్లా వచ్చింది? ఇవన్నీ తవ్వుకుంటూ పోతే రాజ్యాంగం దగ్గరికే చేరతాం. అది ఆకాశంలోంచి ఊడిపడింది కాదు, దానికో చరిత్ర ఉంది. ఆ చరిత్రను జీవితమంతా చదివి, రాసి, పిల్లలకు పాఠం చెప్పిన తెలుగాయన మామిడిపూడి వెంకటరంగయ్యగారు.

పల్లె నుంచి బొంబాయి దాకా

వెంకటరంగయ్యగారు 1889లో నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో పుట్టారు. విజయనగరం, కాకినాడ, నెల్లూరు ఊళ్ళ కాలేజీల్లో పనిచేశారు. తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి బోధించారు. ఆపైన బొంబాయి విశ్వవిద్యాలయం పిలిచి రాజనీతిశాస్త్ర ఆచార్యుల పదవి ఇచ్చింది. 1968లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. తొంభై ఏళ్ళు దాటి బతికిన ఆ పెద్దాయన పదవుల నుంచి దిగినాక కూడా కలం పక్కన పెట్టలేదు. ఆంధ్రలో జరిగిన స్వాతంత్ర్య పోరాటం మీద ఇంగ్లీషులో నాలుగు పెద్ద సంపుటాలు తెచ్చింది ముసలితనంలోనే. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారు చేయడానికీ సంపాదకులుగా శ్రమపడ్డారు.

ఆయన పుస్తకాల పేర్లు చూస్తేనే ఒక సంగతి తెలుస్తుంది. కేంద్రమూ రాష్ట్రాలూ అధికారం ఎట్లా పంచుకోవాలి అనేదాని మీద 1935లో రాశారు. మన రాజ్యాంగం ఇంకా పుట్టకముందే, 1944లో, మనిషి ప్రాథమిక హక్కుల మీద రాశారు. మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డులు ఎట్లా పెరిగాయో రాశారు. ఢిల్లీ పరిపాలన ఎంత ముఖ్యమో పల్లెలో బావి తవ్వించే బోర్డు కూడా ఆయనకు అంతే ముఖ్యం.

మన కర్నూలు సంగతే చూడండి

రాజ్యాంగ చరిత్ర అంటే ఏమిటో మన ఊరితోనే చెప్పుకుందాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారని మన ఊరి పెద్దలు ఇప్పటికీ కథలుగా చెప్తారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ఇంతవరకు అందరికీ తెలుసు.

అసలు కర్నూలుకే ఎందుకొచ్చింది? దానికి 1937 దాకా వెనక్కి పోవాలి. ఆ ఏడు నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ‘శ్రీబాగ్’ ఇంట్లో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. రాజధానో హైకోర్టో ఒకటి సీమకు రావాలని, నదుల నీళ్ళలో వెనకబడిన సీమకు ముందు వాటా చూడాలని అందులో ఉంది. అమ్మాయికి ఇస్తామన్న పసుపు కుంకుమలు కాగితం మీద రాసుకున్నట్టే ఇదీనూ. ఆ కాగితం సంగతి తెలియనివాళ్ళకు సీమవాసులు నీళ్ళని ఎందుకు అంత గట్టిగా అడుగుతారో అర్థం కాదు. చరిత్రకారులు చేసే పని ఇదే. ఎవరు ఏం మాట ఇచ్చారో మరిచిపోకుండా కాపాడతారు.

ఓటు నడిచొచ్చిన దారి

వెంకటరంగయ్యగారి జీవితం పక్కన మన ఓటు కథ పెట్టి చూస్తే భలే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన పుట్టిన నాటికి మద్రాసు శాసనమండలికి ఎన్నికలే లేవు. మగవాళ్ళకే ఓటు లేదు, ఇక ఆడవాళ్ళ మాటెందుకు? ఆయనకు ముప్పై రెండేళ్ళు వచ్చేసరికి, 1921లో, ఆడవాళ్ళకూ ఓటు ఇవ్వొచ్చని మద్రాసు శాసనమండలి తీర్మానించింది. అయితే ఆస్తి ఉండాలి. ఏ ఇల్లాలి పేరున భూమి ఉండేది చెప్పండి! 1935 చట్టంతో చదువు వచ్చినవాళ్ళకూ, ఆస్తి ఉన్న మగవాళ్ళ భార్యలకూ కొంతమందికి దక్కింది. చదువూ లేక భూమీ లేని కూలి తల్లులకు మాత్రం లేదు.

1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ కూర్చుంది. మన అనంతపురం జిల్లా నుంచి నీలం సంజీవరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు సభ్యులుగా వెళ్ళారు. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారు అక్కడ గట్టిగా మాట్లాడారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చేసరికి ఆస్తి, చదువు, కులం, మతం, ఆడా మగా అని చూడకుండా ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన అందరికీ ఓటు వచ్చింది. 1989 నుంచి దాన్ని పద్దెనిమిదేళ్ళకు తగ్గించారు.

1951-52లో దేశమంతా మొదటి ఎన్నికలు జరిగినప్పుడు బొంబాయి నగరంలో జనం ఎట్లా ఓటు వేశారో వెంకటరంగయ్యగారు దగ్గరుండి చూసి పుస్తకంగా తెచ్చారు. ఆ ఎన్నికల్లోనే మనసు చివుక్కుమనే సంగతి ఒకటి జరిగింది. ఉత్తరాదిలో చాలామంది ఆడవాళ్ళు జాబితాలో తమ పేరు చెప్పక, ఫలానావాడి భార్యననీ, ఫలానావాడి తల్లిననీ రాయించారు. సొంత పేరు లేనిదే కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాలోంచి పోయాయి.

వాళ్ళను చూసి నవ్వకండి. మా అవ్వది కడప జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఎవరన్నా కాగితం పట్టుకొచ్చి పేరడిగితే “నా పేరు యాల నాయనా, మా పెద్దోని అమ్మ అని రాసుకో” అనేది. ఆమెకో చక్కని పేరుందని మాకు ఆమె పోయాకే తెలిసింది. దేశం ఓటిచ్చినా మన పేరు మనం చెప్పుకోకపోతే ఆ ఓటు మన చేతికి రాదు.

పంచాయతీలో మన కుర్చీ

1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలైంది. అది ఎట్లా నడుస్తున్నదో జి. రామ్‌రెడ్డిగారితో కలిసి వెంకటరంగయ్యగారు పుస్తకం రాశారు. ఈ రామ్‌రెడ్డిగారే 1982లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. ఇంటి పని చేసుకుంటూనే డిగ్రీ తెచ్చుకున్న మన అక్కచెల్లెళ్ళు ఎందరికో ఆ చదువు తెలుసు.

1992లో పార్లమెంటు 73వ సవరణ చేసింది. పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళకు సీట్లు వచ్చాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో సగం మనవే. మరి కుర్చీలో కూర్చుంటున్నది ఎవరు? చాలా ఊళ్ళలో సంతకం అమ్మది, పెత్తనం అయ్యది. ఆమె సర్పంచ్ అయినా ‘సర్పంచ్ గారు’ అని పిలిపించుకునేది ఆయన. ఓటు కోసం మూడు తరాలు పట్టింది. కుర్చీ కోసం ఇంకో మూడు తరాలు ఎదురు చూద్దామా?

అందుకే ఒక చిన్న మాట. ఓటర్ల జాబితాలో మీ పేరు, అక్షరాలు సరిగ్గా ఉన్నాయేమో చూసుకోండి. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు చేర్పించండి, పద్దెనిమిది నిండిన కూతుర్ని మరవకండి. గ్రామసభ ఉందని చాటింపు వేస్తే పొయ్యి మీద పప్పు దించి ఒక గంట వెళ్ళి కూర్చోండి. నీళ్ళ సంగతి మన కంటే బాగా ఎవరికి తెలుసు? పిల్లలు పౌరశాస్త్రం పుస్తకం తెరిచినప్పుడు పక్కన కూర్చుని ఆ పాఠం మీరూ చదవండి. వెంకటరంగయ్యగారి లాంటి పంతుళ్ళు అంత శ్రమపడి రాసిపెట్టింది బీరువాల్లో దాచుకోవడానికి కాదు, మనలాంటి వాళ్ళు తెలుసుకుని అడగడానికే.